లేవండి అన్న చోటే తిన్నాం

“ఇయ్యాల లేవండి. వచ్చినియ్యి గానీ గుల్లవండి. మీకు పెట్టలేను.”

తాళ్లరేవు దాటాక రోడ్డు వారన ఓ రేకుల షెడ్డు. నాలుగు బల్లలు, ఒక గ్యాసు పొయ్యి, వెనకాల కొబ్బరి మట్టలతో మండుతున్న కట్టెల పొయ్యి. బోర్డు లేదు. వంకాయలు తరుగుతున్న ఆవిడ తల కూడా పూర్తిగా ఎత్తకుండా ఆ మాట అనేసింది. “చేపల పులుసుందండి. రొయ్యలున్నాయి. కూచోండి.”

మా బావ మొహం మాడిపోయింది. లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా కూర్చుని వచ్చిన మనిషి. వచ్చింది కాజాల కోసమూ కాదు, అన్నవరం సత్యదేవుడి కోసమూ కాదు. పీత కోసం. నాకు మాత్రం ఆ ‘లేవండి’ వినగానే ప్రాణం కుదుటపడింది. ముందు రోజు నుంచీ కాకినాడలో, దారి పొడవునా అయిదు చోట్ల అడిగాం. అయిదు చోట్లా ‘ఉన్నాయి, రండి రండి’ అన్నారు. లేవని చెప్పిన మొదటి మనిషి ఈవిడ.

ప్రయాణంలో కొత్త ఊళ్లో బిర్యానీ దొరకబుచ్చుకోవడం కష్టం కాదు. జనం ఎక్కడ నిలబడ్డారో చూస్తే చాలు. ఇడ్లీకి అదే లెక్క. పీత దగ్గర ఆ లెక్క పనికిరాదు. వంటవాడి చెయ్యి ఎంత గొప్పదైనా గుల్ల పీతలో కండ పుట్టించలేడు, చచ్చిన పీతకు రుచి తెప్పించలేడు. కాబట్టి వెతకాల్సింది హోటల్‌ని కాదు, పీతని. పీత బాగుంటే రేకుల షెడ్డయినా పర్వాలేదు. ఈ సంగతి నాకు ముందే తెలుసని చెప్పుకోలేను. సముద్రం కనబడే ఒక పెద్ద పట్నంలో, అద్దాల గోడల హోటల్లో నేర్చుకున్నాను. మెనూలో ధర ఉండాల్సిన చోట ‘సైజును బట్టి’ అని రాసి ఉంది. సైజెంతో మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. వెన్న, వెల్లుల్లి ఘుమఘుమలాడుతూ వచ్చిన ఆ పీత కాలు విరిస్తే లోపల చారెడు నీళ్లు, జిగురు. బిల్లు మాత్రం గట్టిగానే ఉంది.

మా బావది కరీంనగర్ వైపు. అతనికి ఇది పీత కాదు, ఎండ్రికాయ. వానాకాలం పొలం గట్ల బొరియల్లో చెయ్యి పెట్టి లాగిన ఎండ్రికాయలు, జలుబు చేస్తే వాళ్లమ్మ దంచి కాచిన మిరియాల రసం, ఇవే అతనికి తెలుసు. నెల్లూరు వాళ్లకూ ఇది ఎండ్రకాయే. గోదావరి జిల్లాలకు వచ్చేసరికి పీత. పుస్తెలమ్మైనా పులస తినాలని చెప్పుకునే ఈ గడ్డ మీద పీతను పొగిడే సామెత ఒక్కటి కూడా నేను వినలేదు. ఉన్న ఒక్క సామెతలో సీత పక్కన చోటిచ్చి, దాని కష్టాలు దానివని వదిలేశారు.

కాకినాడ జగన్నాథపురం వంతెన దాటి 216వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి తిరిగితే వరసగా తూరంగి, చొల్లంగి, కోరంగి, తాళ్లరేవు, ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ బట్టల బేరం నడిపిన ఇంజరం, ఆ తర్వాత యానాం. అంతా కలిపి సుమారు 30 కిలోమీటర్లు. కుడిచేతి వైపు కొబ్బరి, వరి, మధ్యమధ్య రొయ్యల చెరువుల ఏరేటర్ల చప్పుడు. ఎడమచేతి వైపు ఊళ్ల వెనకాల ఆకుపచ్చ గోడలా మడ అడవి. గౌతమి పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోటు ఇదే. మంచినీళ్లు, ఉప్పునీళ్లు రోజుకు రెండుసార్లు కలిసి విడిపోతాయి. మేం వెతుకుతున్న మండపీతకు ఇంతకంటే మంచి కాపురం ఉండదు. పిల్లప్పుడు ఉప్పుటేళ్లలోకి ఎక్కి వస్తుంది, మడ చెట్ల వేళ్ల కింద బురదలో బొరియ తవ్వుకుని పెరుగుతుంది. గుడ్లు పెట్టే వేళకు ఆడపీత మళ్లీ సముద్రంలోకి దిగిపోతుంది.

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. సందర్శకుల కోసం చెక్క వంతెన కట్టారు. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, దాని మీద నడిస్తే కింద బురద నిండా జల్లెడలా చిల్లులు. ఎర్రటి చిన్న పీతలు ఒక్కొక్కటీ ఒంటి పెద్ద చెయ్యి ఎత్తి ఎవరినో పిలుస్తున్నట్టు ఊపుతుంటాయి.

“గివి తింటరా?” అన్నాడు బావ.

“తినరు బావా. చూసి ఆనందించడానికే.”

“మరి మనవి ఏవి?”

మనవి కనిపించేటంత అమాయకమైనవి కావు. మండపీత బొరియ కంతను బట్టి, దాని ముందు కొత్తగా తోడిపోసిన బురదను బట్టి లోపల మనిషుందో లేదో పట్టేవాళ్లు చెబుతారు (వాళ్లు నిజంగానే ‘మనిషి’ అంటారు). చివర వంచిన పొడుగాటి ఇనుప కొక్కెం లోపలికి పోనిస్తారు. కొక్కేనికి ఏదో గట్టిగా తగిలి ‘టక్’మంటే పీత దాన్ని కరుచుకుందన్నమాట. తొందరపడి లాగితే కాలు ఒక్కటే చేతికి వస్తుంది. ఆపదొస్తే కాలు వదిలేసి పారిపోవడం పీతకు పుట్టుకతో వచ్చిన విద్య. మెల్లగా, బతిమాలుతున్నట్టు లాగాలి. పైకి రాగానే వీపు మీద పాదం ఆనించి, ముందున్న రెండు కత్తెర కాళ్లనూ మడిచి తాడుతో కట్టేస్తారు. మొత్తం పని అర నిమిషం. తేడా వస్తే పోయేది వేలు.

ఈ కోరంగి ఒకప్పుడు ఓడల రేవు. బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అనే పిలిచేవారు, అంత మంది ఇక్కడి నుంచి ఓడ ఎక్కారు. 1839 నవంబరు తుఫాను రేవును ఊడ్చేసింది. ఇప్పుడు ఇక్కడి నుంచి విదేశాలకు పోయేది మనుషులు కాదు, పీతలు. ఆ ప్రయాణం చూడాలంటే పొద్దున్నే లేవాలి.

కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గర తెల్లవారుజామున నిలబడితే పీతల్లో రెండు కులాలున్నాయని తెలిసిపోతుంది. గంపల్లో ఐసు కింద గుట్టలుగా పోసేవి సముద్రపు పీతలు. వీపు మీద మూడు ఎర్రచుక్కలున్నవి ఒక రకం, నీలి కాళ్లవి ఒక రకం, శిలువ గుర్తు ఉన్నవి ఇంకో రకం. పలచటి డొప్ప, తియ్యటి కండ. కానీ నీళ్లలోంచి తీశాక ఎక్కువసేపు బతకవు. అందుకే ఎక్కడ దిగితే అక్కడే అమ్ముడుపోవాలి. మండపీత అలా కాదు. తడి గోనె కప్పి నీడన ఉంచితే రోజుల తరబడి బతుకుతుంది. గట్టి ప్రాణం. ఆ గట్టి ప్రాణమే దాన్ని ఊరు దాటిస్తోంది.

ఒక కుర్రాడు పీతలు ఏరుతుంటే అరగంట నిలబడి చూశాను. చేతికి గ్లవుజుల్లేవు. కట్టేసిన పీతను తిరగేసి, వెనక కాళ్ల మొదట్లో పొట్టవైపు బొటనవేలితో నొక్కుతాడు. రాయిలా ఉంటే కుడిపక్క పెట్టెలోకి. అట్టముక్కలా లోపలికి పోతే ఎడమ గంపలోకి. కొన్నింటిని నొక్కకుండానే గంపలోకి విసిరేస్తున్నాడు.

“అదేంటి, చూడకుండానే వేసేశావు?”

“డొప్ప సూడండి, ఎలా మెరుత్తందో. కొత్త చొక్కా అది. లోపల ఏటీ ఉండదు.”

పీత డొప్ప సాగదు. ఒళ్లు పెరగాలంటే పాత డొప్ప విప్పి పారేయాల్సిందే. వెనకనుంచి జారుకుని బయటికొచ్చి, నీళ్లు తాగి ఉబ్బి, ఆ కొలతకు కొత్త డొప్ప కట్టుకుంటుంది. పైన గట్టిపడినా లోపల కండ నిండడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో దొరికితే అదే గుల్ల. కాబట్టి నల్లబడి, గీతలు పడి, పొట్ట కింద తుప్పు మరకలున్నదే అసలైన పీత. నత్తగుల్లల్లాంటివి వీపు మీద అతుక్కుని ఉంటే మరీ మంచిది, చొక్కా మార్చి చాలాకాలమైందని లెక్క. పెళ్లికొడుకులా మెరిసే పీతను మర్యాదగా వదిలేయాలి. మనమేమో ఫోటోలో బాగా పడిందని దాన్నే చూపిస్తాం.

కుడిపక్క పెట్టెలోవి ఆ రాత్రికే చెన్నై దారి పడతాయి. అక్కడి నుంచి విమానంలో సింగపూర్, చైనా. ఎడమ గంపలో గుల్లవి కొన్ని చెరువులకు పోతాయి. అక్కడ చెత్తచేపలు వేసి మూడు నాలుగు వారాలు మేపితే కండ పడుతుంది, మళ్లీ కుడిపక్క పెట్టెకు అర్హత వస్తుంది. మిగిలినవి ఎక్కడికని అడిగితే కుర్రాడు నవ్వి, “హోటల్లకండి” అన్నాడు.

పీతలు పుట్టిన ఊళ్లో మంచి పీత దొరకకపోవడానికి కారణం అదే. కొరత కాదు, గిరాకీ. పక్కనే శ్రీలంకది కూడా ఇదే కథ. సింగపూర్ వాళ్లు జాతీయ వంటకంలా చెప్పుకునే చిల్లీ క్రాబ్ 1956లో చెర్ యామ్ టియాన్ అనే ఆవిడ తోపుడుబండి మీద మొదలైంది. టమాటా సాసు, మిరపకాయల సాసు కలిపి వండిన పీత. ఆ పేరు పెరిగేకొద్దీ అందులో పడే పెద్ద పీతలు లంక నుంచి దిగుమతి అయ్యాయి. లంకలో లంక పీత కరువైంది. దర్శన్ మునిదాస అనే వంటగాడికి ఇది మింగుడుపడలేదు. 2011లో కొలంబోలోని పాత డచ్చి ఆసుపత్రి భవనంలో ‘మినిస్ట్రీ ఆఫ్ క్రాబ్’ తెరిచాడు. క్రికెటర్లు జయవర్ధనే, సంగక్కర భాగస్తులు. ఎగుమతి పెట్టెలోకి పోయే పీతనే ఆపి ఊళ్లో వండాలన్నది అతని పట్టు. అరకిలో నుంచి రెండు కిలోల దాకా పీతలను సైజుల వారీగా పేర్లు పెట్టి అమ్ముతారు, ఫ్రీజర్ వాడరు. ధరలు మన జేబుకు దూరమే అనుకోండి. కానీ ఆలోచన మాత్రం కాకినాడకు అచ్చంగా సరిపోయేది. మనకిక్కడ అలాంటి పట్టుదల ఉన్న హోటల్ ఒక్కటి లేకపోవడం నాకు కొరతగానే ఉంది. పులసకు వేలంపాటలు పెట్టి ఫోటోలు దిగే మనం పీత దగ్గరికొచ్చేసరికి ఎడమ గంపతో సరిపెట్టుకుంటున్నాం.

అమెరికాలో మేరీల్యాండ్ వైపు స్థిరపడిన మనవాళ్లు చెప్పే బాల్టిమోర్ ముచ్చట కూడా ఇలాగే ఉంటుంది. బల్ల మీద గోధుమరంగు కాగితం పరిచి, ఓల్డ్ బే మసాలా దట్టించి ఆవిరి పట్టిన నీలిపీతలను కుమ్మరిస్తారు. తలా ఓ చెక్క సుత్తి ఇస్తారు. అక్కడా తెలిసినవాడు అడిగే మొదటి ప్రశ్న మసాలా గురించి కాదు, ఇవాళ పీతలు బరువుగా ఉన్నాయా తేలికగా ఉన్నాయా అని.

ఇక మా వేట సంగతి. ఆ అయిదు చోట్లలో ఒకటి యానాంలో. గౌతమి గట్టు మీద సాయంత్రం గాలి బ్రహ్మాండం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి, ఇప్పుడు పుదుచ్చేరి పాలన. కాకినాడ కుర్రాళ్లు యానాం ఎందుకు వెళ్తారో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ చాలాచోట్ల పీత భోజనం కాదు, మంచింగ్. నూనెలో కరకరలాడేదాకా వేయించి, కారం, కరివేపాకు, జీడిపప్పు పోసి తెస్తారు. గ్లాసు పక్కన అది బాగానే ఉంటుంది. కానీ అంత మసాలా కింద ఉన్నది గట్టి పీతో గుల్ల పీతో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పులుసు ఉందా అని అడిగితే లేదన్నారు. వేపుడు మాత్రమే పెట్టే చోట నేను అనుమానంగా కూర్చుంటాను. పులుసు అబద్ధం ఆడదు.

ఆటోవాళ్లు కూడా మంచివాళ్లే, కానీ వాళ్లు తీసుకెళ్లేది వాళ్లకు తెలిసిన హోటల్‌కి. ఫోన్లో చుక్కలు చూసి వెళ్తే ఆ చుక్కలు ఏసీకి, పార్కింగుకి వేసినవి. చివరికి మమ్మల్ని తాళ్లరేవు షెడ్డుకు పంపింది ఎవరంటే, రేవు దగ్గర ఐసు అమ్మే ఆయన. “మీరెక్కడ తింటారండీ?” అని అడిగాను. ఎక్కడ బాగుంటుంది అని అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకూ వేరే వేరే జవాబులు వస్తాయి.

ఆ రోజు చేపల పులుసే తిన్నాం. లేచేటప్పుడు ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, “పున్నమి వెళ్లి మూడ్రోజులే అయిందండి. ఎన్నెల రోజుల్లో పీత మేతకు రాదండి, ఒళ్లు చిక్కిపోద్ది. అమాసకు రండి, అప్పుడు సూడండి” అంది. ఈ తీరం పొడవునా ఇది పాతమాట. ఇదే దారిలో ఉన్న చొల్లంగికి పుష్య అమావాస్య నాడు జనం సముద్ర స్నానానికి పోటెత్తుతారు. సప్తసాగర యాత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. దేవుడికీ పీతకూ ఒకే పంచాంగం చూసుకోవడం ఈ రోడ్డు మీదే చూశాను.

“అమావాస్య దాకా ఉండలేం పిన్నిగారూ. మా బావకు ఎల్లుండి రాత్రికే రైలు.”

ఆవిడ కాసేపు ఆలోచించింది. “ఒంటికాలివి తింటారా?”

నాకు అర్థం కాలేదు.

“కొక్కేనికి ఓ కాలు ఊడిపోతాదండి ఒక్కోసారి. పెద్దదైనా, గట్టిదైనా, ఒంటికాలిది పెట్టెలోకి తీసుకోరు. రుచికేం తేడా ఉండదు, రేటు తక్కువ. మా తమ్ముడు భైరవపాలెంలో ఉన్నాడు, చెప్పి పెడతాను. నెంబరివ్వండి.”

మర్నాడు సాయంత్రం ఫోను వచ్చింది. “రెండు దొరికాయండి. రేపు పదకొండింటికి రండి. ముందొస్తే కూచోబెట్టాల్సొస్తాది.”

మేం పదికే వెళ్లాం. ఓ ప్లాస్టిక్ బేసిన్లో తడి గోనె కింద రెండూ ఉన్నాయి. ముదురు ఆకుపచ్చ డొప్ప, పొట్ట కింద ఇటుకరంగు మరకలు. బావ నోరు తెరిచాడు. అతనికి తెలిసిన ఎండ్రికాయ అరచేతిలో పడుతుంది. దీని డొప్ప ఒక్కటే అరచేతికి మించి ఉంది, ఉన్న ఒక్క కత్తెర కాలూ పిల్లాడి మణికట్టంత. “గిది ఎండ్రికాయనా? ఎండ్రికాయల జేజమ్మ!” అన్నాడు. నేను బొటనవేలితో నొక్కి చూశాను. కదల్లేదు. ఆవిడ నవ్వింది. “రేవుకెళ్లొచ్చారన్నమాట.”

తాడు విప్పి, నీళ్లు వడిచాక తూచింది. రెండూ కలిపి కిలోన్నర. ఇది చిన్న విషయం కాదు. కొన్నిచోట్ల లావుపాటి తడితాడుతో సహా తూస్తారు, తాడుకూ పీత రేటే పడుతుంది. పైగా కిలో పీతలో తినే కండ మూడోవంతు వస్తే గొప్ప. మిగతాదంతా డొప్పే. అందుకే ధర ప్లేటుకా, కిలోకా, కిలోకైతే వండక ముందు బరువా అన్నది కూర్చోకముందే అడగాలి. అడిగితే చిన్నతనం అనుకోవద్దు. చిరాకుపడే చోట లేచి వచ్చేయడమే.

ముందు రెండింటినీ ఐసునీళ్లలో వేసింది. కదలిక ఆగాక పొట్ట కింద మడత ఎత్తి, వెనకనుంచి డొప్ప ఊడదీసింది. రెండు పక్కలా బూడిదరంగు మొప్పలు పీకి పారేసింది. అవి తినకూడదు, హోటల్లో అవి అలాగే ఉన్నాయంటే వంటింట్లో తొందరపాటు ఉందని అర్థం. డొప్పలో పసుపుపచ్చటి సొనను చెంచాతో గీకి వేరే గిన్నెలోకి తీసి మూత పెట్టింది. పెద్దకాలును గుడ్డలో చుట్టి రోకలితో ఒక్క దెబ్బ. డొప్ప చీలింది, లోపలి కండ చెదరలేదు. సన్నకాళ్లను రోట్లో వేసి, కాస్త జీలకర్రతో దంచి, నీళ్లు పోసి పిండింది. పాలలా తెల్లటి రసం దిగింది. “పులుసుకి నీళ్లెందుకండీ, ఇది ఉండగా” అంది.

కట్టెల పొయ్యి మీద మట్టి దాక. ఉల్లిపాయలు ఎర్రబడకముందే పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం. పీతముక్కలు వేసి మూత పెడితే డొప్పలు చూస్తుండగానే ఎర్రబారాయి. కాళ్ల రసం, నిమ్మకాయంత కంటే తక్కువ చింతపండు, కొంచెం ధనియాల పొడి. లవంగం, చెక్క జోలికి పోలేదు. దించే ముందు సొన కలిపితే పులుసు ఒక్కసారిగా చిక్కబడి, అంచుల్లో నూనె తేలింది.

“గరం మసాలా వెయ్యరా పిన్నిగారూ?”

“పీత బాగోనప్పుడు వెయ్యాలండి అది.”

కూర్చున్న గంటంబావుకు అరిటాకులు పడ్డాయి. ఉప్పుడు బియ్యం కాదు, మామూలు అన్నమే, పొగలు కక్కుతూ. ఆ తర్వాత అరగంట నేను చెప్పడానికేమీ లేదు, ఎవరూ మాట్లాడలేదు కనక. పెద్దకాలు చీలిక విప్పితే కండ మొత్తం కాలు ఆకారంలోనే ఊడి చేతికొచ్చింది, కొసన సన్నటి ఎరుపుతో. తీపి ముందు తగులుతుంది, ఉప్పుటేరు వాసన తర్వాత, కారం చివరికి. బావ డొప్పలో అన్నం వేసుకుని, సొన అంటిన మూలలన్నీ వేలితో తుడుచుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నదొక్కటే: “మా అమ్మ ఉంటే బాగుండె.”

అద్దాల హోటల్లో కట్టినదాంట్లో సగం కూడా కాలేదు. అన్నం, మజ్జిగ కలిపే. ఆవిడ తన పేరు రాయొద్దంది, రాస్తే వచ్చే జనానికి ఒంటికాలి పీతలు ఎక్కడినుంచి తెమ్మంటారని అడిగింది. న్యాయమే.

ఈ దారిన వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, ఆ రెండు నెలలూ సముద్రపు పీతలు తగ్గుతాయి. ఉప్పుటేళ్ల మండపీతలు, చెరువు పీతలు మాత్రం వస్తూనే ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురు చూసుకుని బయల్దేరండి. రొయ్య పడనివాళ్లకు పీత కూడా పడకపోవచ్చు, పిల్లలకు మొదటిసారి పెట్టేటప్పుడు జాగ్రత్త. పొట్ట కింద నారింజరంగు గుడ్లగుత్తి బయటికి కనిపించే ఆడపీతను ఎవరైనా గొప్పగా తెచ్చి చూపిస్తే వద్దనండి, అరచేతికి రాని పిల్లపీతలనూ అంతే. అవి రెండూ మన పళ్లెంలోకొస్తే వచ్చే ఏడాది కొక్కేనికి తగిలేదేమీ ఉండదు.

జేబులో డబ్బులు తక్కువైతే మండపీత మీద మనసు పెట్టుకోకండి. తెల్లవారుజామున రేవులో దిగిన మూడు చుక్కల పీతలు కొని, దగ్గర్లోని ఏ మెస్సులోనైనా వండిపెట్టమని అడగండి. వంటకూలి తీసుకుని వండేవాళ్లు ఉంటారు. ఇగురు పెట్టించుకోండి, పులుసు వద్దు.

మండపీతే కావాలంటే ముందురోజు సాయంత్రమే ఫోను చేసి, రేపు ఏమున్నాయని అడగండి. లేవంటే లేవనే. ఆ పూటకు చేపల పులుసు తినేయండి, అదీ బాగానే వండుతారు.